ఉడుకునీళ్ళ గుండం దగ్గర మా అమ్మ

మా అమ్మ ఎవర్నీ ఏదీ అడగదు. చెబుతుంది. "లెగు" అంటుంది, "తిను" అంటుంది, "ఆ సీర మార్సు, నీకు బాగులేదు" అంటుంది. అలాంటి మనిషి ఒకరోజు మా వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఒసే, కొండల కాడ ఉడుకునీల్ల గుండం ఉన్నాదంట గదా. నన్నోపాలి తీసుకెల్తారేటి?" అని అడిగింది. నేను చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఉండిపోయాను. మా అమ్మ నోట్లోంచి అలాంటి మాట రావడం నేను పుట్టాక అదే మొదటిసారి.

"ఎందుకే?" అన్నాను.

"మోకాల్లు పీకేస్తన్నాయి. ఆ నీల్లలో కూకుంటే తగ్గుతాదంట."

అబద్ధం. నెత్తిన చేపల తట్ట పెట్టుకుని ఎండలో కోసుల దూరం నడిచే మనిషికి మోకాళ్ళ నొప్పి అంటే నేను నమ్ముతానా? కానీ ఆ రోజుల్లో అమ్మతో నాకు సరిగ్గా మాటల్లేవు. ఏదో ఒకటిలే, వెళ్ళి వస్తే సరి అనుకున్నాను.

అప్పుడు మేం సాలూరులో ఉండేవాళ్ళం. మా ఆయనకి లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పని. నేను ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. పాప పుట్టాక మానేసి ఇంట్లో ఉన్నాను. మా పుట్టిల్లు శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డున. నాన్న వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. నాన్న మాట నీళ్ళ మీద చెల్లుతుంది. తెప్ప ఒడ్డుకు తగిలాక అన్నీ అమ్మ చెప్పినట్టే. మా ఆయన వాళ్ళు తాతల కాలం నుంచీ బాప్టిస్టు చర్చికి వెళ్ళే మనుషులు. మా పెళ్ళికి అమ్మ మొదట గుండెలు బాదుకుంది, తరవాత తిట్టింది, చివరికి పెళ్ళిరోజు పొద్దున్నే తట్టెడు వంజరాలు పట్టుకుని చర్చి మెట్ల దగ్గర దిగింది. అంతటితో అయిపోయిందనే నేననుకున్నాను.

అవలేదని పాప పుట్టాక తెలిసింది. అంటే, అలా తెలిసిందని అనుకున్నాను.

మా వైపు తొలి కానుపు పుట్టింట్లోనే చేస్తారు. అమ్మ మాత్రం, "ఇక్కడికి రాకు. ఇక్కడ ఆసుపత్రి లేదు. నానే వస్తాను" అని కబురు పెట్టింది. వచ్చింది కూడా. ఆసుపత్రిలో మా అత్తగారు పాపని పొత్తిళ్ళలో చుట్టి చేతికి ఇవ్వబోతే, అమ్మ వెనక్కి జరిగింది. "నా సేతులు సేపల కంపు. తరవాత ఎత్తుకుంటాను" అంది. ఆవిడ చెప్పిన ఆ 'తరవాత' మాత్రం ఎప్పటికీ రాలేదు. వారం పది రోజులు ఉండేది, ఊరెళ్ళేది, ఎండుచేపలు పట్టుకుని మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా పాపకి కాస్త దూరంలో చతికిలబడి, చప్పట్లు కొట్టి నవ్వించేది. పాప పాకుతూ దగ్గరికి వెళ్తే, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పెరట్లోకి పోయేది. నా బట్టలు ఉతికేది గానీ పాప గుడ్డలు మా అత్తగారికి వదిలేసేది. వంటకి చెయ్యి పెట్టేది కాదు, గుమ్మంలో నిలబడి పురమాయించేది. తన కంచం, తన గ్లాసు విడిగా కడుక్కుని కిటికీలో బోర్లించుకునేది.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది ఆ పసుపు. మా అమ్మ ఎప్పుడూ పండగలకీ పెళ్ళిళ్ళకీ తప్ప కాళ్ళకి పసుపు రాసుకోదు. పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో నిలబడేవాళ్ళకి పసుపు ఎక్కడ నిలుస్తుంది? అలాంటిది మా ఇంటికి వచ్చినప్పుడల్లా తెల్లారేసరికి కాళ్ళు పాదాల పైదాకా ముద్దపసుపుతో మెరిసిపోయేవి. మా అత్తగారి నోరు మంచిది, ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం కిటికీలో కంచం వంక చూసి, "మీ అమ్మకి మన ఇల్లు ఇంకా మనసుకి పట్టలేదు" అంది మెల్లగా. నాకు తల తీసేసినట్టయింది. ప్రార్థన చేసి పేరు పెట్టిన పిల్లని ముట్టుకుంటే మైలపడిపోతానని అమ్మ అనుకుంటోందని, ఆ పసుపు కాళ్ళు మా గడప మీద కావాలని పెడుతోందని నాకు నేను తీర్మానించేసుకున్నాను. అడిగితే పెద్ద గొడవవుతుంది. అడగకపోతే కడుపులో ఉడుకుతుంది. నేను ఉడుకుతూనే ఉన్నాను.

శనివారం నాడు మా ఆయన షెడ్డుకి సెలవు పెట్టి, స్నేహితుడి జీపు అడిగి తెచ్చాడు. మాఘమాసం, పొద్దున్నే చలి ఎముకల్లోకి దిగుతోంది. పాపకి రెండు స్వెట్టర్లు తొడిగి ఒళ్ళో పెట్టుకుని నేను వెనక సీట్లో కూర్చున్నాను. అమ్మ నా పక్కన, తలుపుకి అతుక్కుపోయి, మాకు మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. మా ఆయన హుషారుగా ఉన్నాడు. చిన్నప్పుడు ఆ గుండానికి సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళమని, గుడ్లు గుడ్డలో కట్టి వేలాడదీస్తే ఉడికేవని, ఒకడు పందెం కట్టి కాలు పెట్టి కేకలు పెట్టాడని చెబుతూ నడుపుతున్నాడు.

"కాలు పెట్టలేరేటి బాబూ?" అంది అమ్మ.

"అబ్బే! ఎవరు పెట్టగలరు అత్తా? పెట్టిన కాలు పెట్టినట్టే పైకి తీసెయ్యాలి."

అమ్మ తన కాళ్ళ వంక చూసుకుంది. తారు రోడ్డు దిగాక దారి అంతా గోతులే. జీపు ఎగిరిపడినప్పుడల్లా అమ్మ చేతులు రెండూ పాపకి అడ్డం వచ్చేవి, ముట్టుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయేవి. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. పడిపోతుందని భయం ఉంటే పట్టుకోవచ్చు కదా అనుకున్నాను.

గుండం అంటే నేను ఇంకేదో ఊహించుకున్నాను. కనీసం ఒక బోర్డు, నాలుగు మెట్లు, బట్టలు మార్చుకోవడానికి ఒక గది. ఏమీ లేవు. నాగావళిలో కలిసే ఒక కొండ ఏరు, చలికాలం కదా, సన్నబడి రాళ్ళ మధ్య నుంచి పోతోంది. ఒడ్డున ఒక నల్లటి బండ. బండ కింద చీలికలోంచి నీళ్ళు బుడబుడమంటూ వస్తున్నాయి, వాటి మీద తెల్లగా ఆవిరి లేస్తోంది. ఆ నీళ్ళు సన్నటి పాయగా జారి, ఏటి పక్కనే రాళ్ళు పేర్చి కట్టిన చిన్న మడుగులోకి చేరుతున్నాయి. కోడిగుడ్డు మురిగినట్టు కాస్త వాసన. బండకి ఎవరో పసుపూ కుంకుమా రాశారు. పక్కనే తంగేడు కొమ్మకి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. మొక్కుకున్నవాళ్ళవి కాబోలు. రెండు గుట్కా కాగితాలు, ఒక షాంపూ పొట్లం. అంతే.

"ఇదేనా?" అన్నాను.

"ఇదే. గవర్నమెంటు కంట్లో ఇంకా పడలేదు కాబట్టి ఇలా ఉంది" అన్నాడు మా ఆయన గొప్పగా, ఆ బండ ఆయన వాళ్ళ తాతది అయినట్టు.

కాస్త ఎగువన రాళ్ళ మీద కొండ ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒక పడుచుపిల్ల పసిబిడ్డకి పాలు ఇస్తోంది. ఒక పెద్దావిడ బిడ్డ తలని కొంగుతో తుడుస్తోంది. మేం వచ్చామని తల ఎత్తి చూసి, మళ్ళీ వాళ్ళ కబుర్లలో వాళ్ళు పడ్డారు.

మా ఆయన గుడ్లు గుడ్డలో మూటకట్టి చీలిక దగ్గరికి వెళ్ళాడు. పాప దారంతా కక్కుకుని స్వెట్టరు పాడుచేసింది, నేను జీపు దగ్గర ఆగి దానికి బట్టలు మారుస్తున్నాను. అమ్మ మా ఇద్దరి కోసం ఆగలేదు. చీర మోకాళ్ళ దాకా ఎత్తి దోపుకుని, గబగబా మడుగు వైపు నడిచింది. సముద్రంలోకి దిగేటప్పుడు మా వాళ్ళు ముందు నీళ్ళు తీసి కళ్ళకి అద్దుకుంటారు. అమ్మ అది కూడా చెయ్యలేదు. అది చూసి కాస్త వింతగానే అనిపించింది.

పాపకి బట్టలు మార్చడం అంటే పెనుగులాటే. దాన్ని చంకనేసుకుని నేను మడుగు దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఒడ్డున రాతి మీద కూర్చుని ఉంది. రెండు కాళ్ళూ నీళ్ళలో ఉన్నాయి. మడుగు మీద ఆవిరి పల్చగా తేలుతోంది. ఒక చెయ్యి కూడా నీళ్ళలో ముంచి, ఆ చేతినే చూస్తోంది. మొహంలో కళ లేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

నాన్న తెప్ప రెండు రోజులు తిరిగి రానప్పుడు కూడా మా అమ్మ ఏడవలేదు. ఒడ్డున నిలబడి సముద్రాన్ని తిట్టింది. ఆవిడ ఇప్పుడు చప్పుడు లేకుండా ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"దగ్గరికి రాకు. గుంటని అటు తీసుకుపో" అంది, పాప వైపు చెయ్యి ఊపుతూ.

"ఏమైందో చెప్పు ముందు!"

"పోనాయే. రెండు కాల్లూ పోనాయి. సెయ్యి కూడా పోనాది" అంది. "ఒక్క కాలికే అనుకున్నాను. ఒల్లంతా పాకేసిందే నాకు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు కుడికాలు నీళ్ళలోంచి పైకి తీసి చూపించింది. పసుపు అంతా కరిగిపోయింది. పాదం పైన, వేళ్ళకి కాస్త వెనగ్గా, రూపాయి బిళ్ళకన్నా పెద్దది, వెలిసిపోయిన మచ్చ. అంచులు గరుగ్గా ఉన్నాయి.

"పెద్దరోగం" అంది అమ్మ.

అంటే కుష్ఠు. ఆ మాట మా ఊళ్ళో ఎవరూ గట్టిగా అనరు. ఎందుకనరో కూడా నాకు తెలుసు, ఎందుకంటే ఆ కథ మా ఇంట్లోదే. మా అమ్మమ్మకి ఒక అక్క ఉండేది. అమ్మకి పెద్దమ్మ. అప్పట్లో నూలు వలలు గట్టిపడాలని చెట్టుబెరడు వేసి పెద్ద పెద్ద అండాల్లో ఉడకబెట్టేవారు. ఊరంతా ఒడ్డున చేరి చేసే పని. ఒకరోజు అండా ఒరిగి, సలసల కాగే నీళ్ళు ఇసకలోకి పారాయి. అందరూ కేకలు పెట్టి ఎగిరి దూకారు. పెద్దమ్మ ఒక్కతే ఆ నీళ్ళలో నిలబడి, "ఏటయింది, ఎందుకు అరుస్తన్నారు?" అని అందరి మొహాలూ చూసింది. కాలికి వేడి తెలియలేదంటే పెద్దరోగమే, ఇంక అడగడానికేం మిగల్లేదు. మర్నాటి నుంచి ఆవిడ తట్టలో చేప ఎవరూ కొనలేదు. కొన్నాళ్ళకి మిషను వాళ్ళ ఆసుపత్రికి పంపించేశారు. వాళ్ళు బాగానే చూశారట, రోగం కూడా నిలిచిపోయిందట. ఊరు మాత్రం మళ్ళీ రానివ్వలేదు. అప్పుడు మా అమ్మ చిన్నపిల్ల, ఆ ఒడ్డునే ఉంది, అంతా కళ్ళారా చూసింది.

"ఎప్పట్నుంచి ఉంది ఇది?"

"నీ కడుపులో గుంట పడ్డ కాడ్నించి. కనపడకుండా పసుపు రాస్తన్నాను."

పసుపు. కిటికీలో కంచం. సేపల కంపు. తొలి కానుపుకి ఊరికి రావద్దన్న కబురు. నేను ఇన్నాళ్ళూ కుళ్ళిపోయి, మా అత్తగారి ముందు తలెత్తుకోలేక, రాత్రుళ్ళు మా ఆయన దగ్గర ఏడ్చి, ఈవిడకి కులమూ మతమూ తప్ప మనవరాలు అక్కర్లేదని తిట్టుకున్నవన్నీ ఒక్కసారి వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి.

"దానికి అంటుకుంటాదని ఎత్తుకోలేదా?"

"మరి? సూసి సూసి పసిగుడ్డుకి అంటిస్తానేటే?" అంది అమ్మ, నన్నే తప్పుపడుతున్నట్టు. "తట్ట నెత్తి మీద, మచ్చ కాలి మీద, దానికీ దీనికీ ఏటి సంబంధం అని అమ్మకం మానలేదు. కానీ దీన్ని ఎలగ ముట్టుకుంటాను?"

"ఒక డాక్టరుకి చూపించచ్చు కదా!"

"సూపిస్తే అదేనంటాడు. అనేస్తే ఇంకేటి ఉంటాది? సేపముల్లుతో గీసుకుని సూసుకున్నాను. తెలిసినట్టే ఉన్నాది, తెలీనట్టే ఉన్నాది. పొయ్యి మీది నీల్లు పోసుకుందామంటే సెయ్యి ఆడలేదు. ఇక్కడైతే అమ్మోరి నీల్లు గదా, సురుకు తగిలితే రోగం లేనట్టు, తగలకపోనా ఈ నీల్లే తగ్గిస్తాయేమో అనుకుని వచ్చినాను." ముక్కు చీదింది. "సూడు, పొగలు కక్కే నీల్లు. కాలు పెట్టినాను, తెలీలేదు. రెండోది పెట్టినాను, తెలీలేదు. సెయ్యి పెట్టినాను. సల్లగా ఉన్నాదే నాకు. ఆ పొగల నీల్లు సల్లగా ఉన్నాయే!"

అది విని నేను చేసిన పని, తెలివి ఉండి చేసింది కాదు. పాపని చంకలో ఇంకో వైపుకి మార్చుకుని, వంగి, మోచేతిదాకా నీళ్ళలో చెయ్యి ముంచేశాను. అమ్మ "కాలిపోతాదే!" అని అరిచి నా జబ్బ పట్టుకుని లాగింది.

కాలలేదు. కాలడం మాట అటుంచి, స్నానానికి తోడుకుని ఎవరో పిలిస్తే వెళ్ళి, గంట తరవాత వచ్చి చూసుకున్న బకెట్టులో నీళ్ళలా ఉన్నాయి. అడుగున అయితే జిల్లుమంటున్నాయి.

"అమ్మా."

"ఏటి?"

"నీళ్ళే చల్లగా ఉన్నాయే."

"నన్ను మబ్యపెట్టకు. పొగలు వస్తంటే."

"పొగలు అక్కడి నుంచి వస్తున్నాయే తల్లీ! ఆ బండ దగ్గర్నించి గాలికి ఇటు వస్తున్నాయి!"

మా గొడవకి ఎగువనున్న పెద్దావిడ లేచి వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని మడుగు చూసి, అమ్మని చూసి, "ఓలమ్మా, గండి మూయలేదు గదా!" అని నాలుక కరుచుకుంది. వాళ్ళ ఊళ్ళో పసిబిడ్డకి మొదటిసారి ఏటి దగ్గర నీళ్ళు పోసేది ఈ గుండంలోనేనట. ఉడుకునీళ్ళలో బిడ్డని దింపలేరు కాబట్టి, మడుగుకి ఏటివైపు పేర్చిన రాళ్ళు రెండు తీసి గండి పెడతారు. చన్నీళ్ళు లోపలికి వచ్చి గోరువెచ్చగా అవుతుంది. బిడ్డ స్నానం అయ్యాక రాళ్ళు మళ్ళీ పెట్టేస్తారు. ఇవాళ మనవడికి నీళ్ళు పోసి, వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఊరుకోబెట్టే హడావుడిలో గండి మూయడం మరిచిపోయారు. ఏరు మొత్తం లోపలికి వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు ఇందులో కప్పలు కూడా ఈదుతాయి" అంది పెద్దావిడ నవ్వుతూ, వంగి రాయి దొర్లిస్తూ.

అమ్మ నవ్వలేదు. ఆవిడ మొహంలో ఆశ మొదలై, ఆ ఆశకే భయపడుతున్నట్టు ఉంది. లేచి నిలబడింది. "ఉడుకు ఎక్కడుంటాది సెప్పు" అని పెద్దావిడని అడిగింది.

"మూతి కాడ పెట్టకు, బొబ్బలెక్కుతాది. ఇదిగో, ఈ పాయ దిగే కాడ పెట్టు. ముందు వేలు పెట్టి సూసుకో."

మా అమ్మ వేలు పెట్టి చూసుకునే రకం కాదు. నేను "ఆగు, మెల్లగా" అంటూనే ఉన్నాను. అప్పటికి మా ఆయన గుడ్ల మూట పట్టుకుని ఇటు వస్తున్నాడు, ఏం జరుగుతోందో తెలియక నా మొహం చూస్తున్నాడు. పాపని గుండెకి హత్తుకుని నిలబడ్డాను. కాలు పెట్టి అమ్మ గానీ మళ్ళీ ఊరుకుంటే? నిలబడి, ఏటయింది అన్నట్టు మా మొహాలు చూస్తే? ఆ క్షణంలో నేను ఏసుప్రభువుకీ మొక్కాను, గంగమ్మకీ మొక్కాను, ఆ తంగేడు కొమ్మకి కట్టిన పీలికలు ఎవరివైతే ఆ తల్లికీ మొక్కాను.

అమ్మ కళ్ళు మూసుకుని, కుడికాలు పక్కకి తిప్పి, ఆ మచ్చ ఉన్న చోటే పాయ కింద పెట్టింది.

"ఓలమ్మో! సచ్చిపోనానురా నాయనో!"

కొండ అవతల వినిపించేలా అరిచింది. ఒంటికాలి మీద గెంతుతూ వెనక్కి వచ్చి, రాతి మీద కూలబడి, కాలు రెండు చేతులతో పట్టుకుని, ఆ నీళ్ళని, ఆ బండని, గండి మరిచిపోయిన వాళ్ళని, జీపు తెచ్చిన అల్లుడిని, నన్ను, అందర్నీ కలిపి ఎడాపెడా తిట్టింది. మధ్యలో ఆగి పాదం మీద ఎర్రగా కమిలిన చోటు వేలితో నొక్కుకుంది. "అమ్మా" అంది. మళ్ళీ నొక్కుకుంది. "అబ్బా" అంది. ఇంకా గట్టిగా నొక్కుకుని, ఈసారి నవ్వింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఇసకలో కూర్చుండిపోయాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆ తరవాత కోపం తన్నుకుంటూ వచ్చింది. "ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పకుండా నన్ను చంపేశావు కదే! నాకు చెప్తే ఏం పోయేది? నేను ఎన్ని అనుకున్నానో తెలుసా?" అని అరిచాను. పాప బెదిరి నాతోపాటు మొదలుపెట్టింది.

"నువ్వు ఎన్ని అనుకుంటే నాకేటి?" అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంది, చేతులు తుడుచుకుంది, ఆ చేతులు నా వైపు చాచింది. "దాన్ని భయపెట్టేస్తన్నావు. ఇలగ తే."

ఇచ్చాను. ఎలా పట్టుకోవాలో మరిచిపోయినదానిలా ముందు బిగుసుకుపోయింది. పాప ఏడుపు ఆపి, దగ్గరికి వెళ్తే పారిపోయే ఈ మనిషి ఇప్పుడు ఎందుకు పారిపోవడం లేదా అని మొహంలోకి తేరిపార చూసింది. ముక్కుపుడక పట్టుకుని లాగింది. అమ్మ దాని బుగ్గ మీద, మెడలో, పొట్ట మీద, అరికాళ్ళ మీద వరసగా వాసన చూసింది. "ఓసి నా తల్లే, ఓసి నా బంగారమే, ఎంత బరువున్నావే" అంటూ ఆపకుండా ఏదో ఒకటి అంటూనే ఉంది. కొండ ఊరి పెద్దావిడ పక్కనే కూర్చుని, తమ బిడ్డ బరువా ఈ బిడ్డ బరువా అని పోలిక మొదలుపెట్టింది. నేను మా ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకుని, ఉడికీ ఉడకని గుడ్లు ఒలిచి అందరికీ పంచాడు. ఉప్పు మరిచిపోయాం. అయినా అంత రుచైన గుడ్డు నేను మళ్ళీ తినలేదు.

తరవాతి వారం నేను అమ్మని చెయ్యి పట్టుకుని విజయనగరంలో చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆయన దూదిపోచతో మచ్చ మీద రాసి, కళ్ళు మూసుకోమని, ఎక్కడ తగిలిందో చెప్పమని అడిగాడు. ప్రతిసారీ చెప్పింది. ఎప్పుడూ తడిలో, ఉప్పులో నానడం వల్ల పట్టిన తామర లాంటిదేనని పూత మందు రాశాడు. వేడినీళ్ళలో కాలు పెట్టిన సంగతి వినగానే కోప్పడ్డాడు. అది పరీక్ష కాదమ్మా, కాలు కాల్చుకోవడం అన్నాడు. ఒకవేళ మీరు భయపడిన రోగమే అయినా ఇప్పుడు మాత్రలు ఉన్నాయి, మింగితే పోతుంది, పిల్లల్ని ఎవరినీ దూరం పెట్టక్కర్లేదు అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ, "ఆ మాత్రలేవో మా పెద్దమ్మప్పుడు ఉంటే" అంది. అంతే అంది.

మా అత్తగారికి నేనే చెప్పాను. ఆవిడ అంతా విని, లేచి వెళ్ళి, కిటికీలో బోర్లించిన అమ్మ కంచాన్ని తీసి మా అందరి కంచాల మధ్య పెట్టేసింది.

కానీ నేను ఎప్పుడు ఆ రోజు తలుచుకున్నా నాకు గుర్తొచ్చేది డాక్టరు కాదు, గుండం కూడా కాదు. తిరుగుప్రయాణం. ఎండెక్కింది. జీపు అవే గోతుల్లో పడుతూ లేస్తూ వస్తోంది. అమ్మ ఈసారి సీటు మధ్యకి జరిగి, నాకు ఆనుకుని కూర్చుంది. పాప ఆవిడ ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోయింది. చేతులు నొప్పెడతాయి, కాసేపు ఇవ్వమని నేను అడిగితే వినిపించనట్టు బయటికి చూసింది. కమిలిన పాదం పైకి పెట్టుకోమంటే అదీ వినలేదు. ఊళ్ళోకి ఇంకా దూరం ఉండగా పాప నిద్రలోనే ఒంటికి పోసేసింది. అమ్మ చీర తడిసి, మోకాలి మీదుగా పారి, కాలి మీదికి కారింది.

"అయ్యో, ఇలా ఇచ్చెయ్యమ్మా, గుడ్డ మారుస్తాను" అని నేను చేతులు చాచాను.

అమ్మ పాపని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఉండనీయే" అంది. "ఎచ్చగా ఉన్నాది. నాకు తెలస్తన్నాది."